గొలుసు పట్టేవాడు

డిసెంబరు ఇరవై ఎనిమిది. ష్రీవ్‌పోర్ట్.
వానా కాదు, మంచూ కాదు,
రెండింట్లో ఏదో తేల్చుకోలేని ముద్ద చినుకు.
యాభై వేల కుర్చీలకి తొమ్మిది వేల మంది.
మిగతాదంతా తడిసిన ఇనుము.

బౌల్‌కి ఓ పరుపుల కంపెనీ పేరు పెట్టారు.
నవ్వే ఓపిక ఎవరికీ లేదు.
ఆరు గెలిచి ఆరు ఓడిన జట్లు రెండు,
సీజను ముగిశాక కూడా
ఇంకొక్క ఆట మిగిలిందని వచ్చిన పిల్లలు.
వీళ్లలో చాలామంది రేపట్నించి
ఈ హెల్మెట్ ఇంకెప్పుడూ పెట్టుకోరు.

నేను గొలుసు పట్టేవాణ్ణి.
పది గజాల గొలుసు, చివర రెండు నారింజ కర్రలు.
ముందు కర్ర నాది, వెనక కర్ర ఆర్విల్‌ది.
మిగతా రోజుల్లో భూములు కొలుస్తాను:
అన్నదమ్ముల గట్లు, చనిపోయినవాళ్ల కంచెలు,
ఎర్రనది మింగిన ఎకరాలు.
అక్కడ బెత్తెడు తేడా వస్తే ముగ్గురు లాయర్లు బతుకుతారు.

గొలుసువాడు చప్పట్లు కొట్టకూడదు. నియమం.
ఇరవై రెండేళ్లుగా ఎవరి పక్షమూ కాకుండా నిలబడ్డాను,
ఒక శాండ్‌విచ్‌కీ ఒక టోపీకీ.
"మా అమ్మకీ నాకూ మధ్య కూడా
అలాగే నిలబడ్డావుగా,
టోపీ అయినా లేకుండా" అంటుంది వెర్లీన్.

నాలుగో క్వార్టర్. నిమిషం నలభై సెకన్లు.
ఒహాయో పిల్లలు నాలుగు పాయింట్లు వెనక.
నాలుగో డౌన్, ఒక్క గజం.
బంతి పెటీగ్రూకిచ్చారు.
నలభై నాలుగో నంబరు,
నాలుగేళ్లూ ఇంకొకడికి దారి చెయ్యడానికి
ఎదుటివాడి రొమ్ముకి తల ఢీకొట్టినవాడు.
ఇవాళ దారి వాడిదే.
వెళ్లాడు.
మనుషుల గుట్ట.
గుట్ట కింద ఎక్కడో బంతి.

రిఫరీ ఒక్కొక్కణ్ణీ లాగి పడేసి
కాలితో, కంటి అంచనాతో బంతి పెట్టాడు.
తర్వాత మమ్మల్ని పిలిచాడు, అంగుళాల్లో కొలవమని!
నాకు కొత్తేం కాదు.
ఏ ఊళ్లోనైనా మొదటి రాయి
ఎవడో మధ్యాహ్నం ఎండలో విసుగొచ్చి పాతిందే.
మేం దాన్నించి నిక్కచ్చిగా కొలుస్తాం.

పరిగెత్తాం. బాండు ఆగింది.
ఊదేవాళ్ల నోటి ఆవిరి మాత్రం
ట్యూబాల మీద ఇంకా లేస్తోంది.
ఆర్విల్ గుర్తు మీద కర్ర దించాడు.
నేను గొలుసు లాగాను.

బంతి ముక్కుకీ నా కర్రకీ మధ్య
బెత్తెడు.

పెటీగ్రూ మోకాళ్ల మీద వంగి చూస్తున్నాడు,
పళ్లలో గడ్డి, కనురెప్పల మీద చినుకు.
"సార్, ఇంకోసారి బిగించండి."

అబ్బాయీ, బిగిస్తే దూరమే పెరుగుతుంది.
వదిలితేనే నీకు లాభం.
ముంజేయి కాస్త సడలిస్తే,
నడుమ గొలుసు గడ్డిలో కాస్త కుంగితే,
ఆ బెత్తెడు నీదే.
ఈ చలిలో ఎవడు చూడొచ్చాడు?
నా చెయ్యి వణికింది.
చలికే అనుకుంటాను.

ఇంకోసారి బిగించాను.

టెక్సస్ పిల్లలు మూడుసార్లు మోకాలు వంచారు,
గడియారం తనంతట తనే అయిపోయింది.
రంగు కాగితాలు ఎగరకుండా
తడిసి తపతపా రాలాయి.

మేం గొలుసు చుడుతుంటే వచ్చాడు,
మణికట్టు టేపు పళ్లతో పీక్కుంటూ.
"ఎంత?"
మాట్లాడకూడదు. నాలుగు వేళ్లు చూపించాను.
తన చెయ్యి తెచ్చి నా చేతి పక్కన పెట్టాడు.
"నాకైతే మూడే" అన్నాడు.
నవ్వాడో, పన్ను నొప్పి పుట్టిందో.
వాళ్ల బస్సు వైపు నడిచాడు,
ఒక బూటు చేత్తో పట్టుకుని.

గొలుసు లంకెల్లో గడ్డీ, బురదా,
గెలిచినవాళ్ల రంగు కాగితం ముక్కా ఇరుక్కున్నాయి.
రేపు కిరసనాయిలుతో కడగాలి.
ఎల్లుండి ఎవరో ముసలావిడ కంచె ఉంది,
పక్కింటివాడు జరిగాడంటోంది.